డిఫాల్టు: ఒక మాటకు మేము చెల్లించిన మూల్యము

మాటకు అర్థము వల్లించుట వేరు, ఆ మాట ఒక కాగితముపై ఎదురైనప్పుడు దానిని గుర్తుపట్టుట వేరు. తెనాలిలోను, బాపట్లలోను ముప్పది సంవత్సరములకు పైగా ఆంగ్లము బోధించిన మాకు ఈ సంగతి పాఠ్యగ్రంథముల వలన తెలియలేదు. రేపల్లెలో మా ఇంటి గుమ్మము ముందు తెలిసినది. వార్షిక సంచికకు ఆంగ్ల జాతీయములను గూర్చి ఏదేని వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరగా, ఎన్నో జాతీయములు మనస్సులో మెదలినను, కలము మాత్రము ఒక్క మాట దగ్గరనే ఆగినది. ఆ మాట డిఫాల్టు.

దానికి కారణము కలదు. మొన్నటి వేసవి సెలవులలో భట్టిప్రోలు వైపు నుండి ఒక విద్యార్థి తన తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. పై చదువుకు విద్యారుణము తీసుకొనుచున్నాడట. తండ్రి కూడ సంతకము పెట్టవలసిన కాగితములు పదునైదు పుటలు ఉన్నవి. అందులో ఒకచోట వ్రేలు పెట్టి, “సార్, ఇన్ ది ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్ అంటే ఏమిటండీ? ఫోనులో డిఫాల్ట్ సెట్టింగు అంటాం కదండీ, మామూలుగా దానంతట అది జరిగేదని. ఇది కూడా అలాంటిదేనా?” అని అడిగినాడు. తండ్రి మాట్లాడలేదు. కుమారుడు చదివి చెప్పినదే తనకు ప్రమాణమన్నట్లు మా ముఖము వంక చూచుచు కూర్చున్నాడు. ఆ చూపు మాకు కొత్తది కాదు. 1980వ సంవత్సరములో మా తండ్రిగారు కూడ సరిగా అట్లే మా వంక చూచినారు.

కథకు ముందు మాట సంగతి చూతము.

డిఫాల్టు అను మాట లాటిను భాషలో పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఆంగ్లములో ప్రవేశించినది. లోపించుట, తప్పుట దాని మూలార్థము. తప్పు అను అర్థముగల ఫాల్టు అను మాట దానికి తోబుట్టువు. ఉండవలసినది లేకపోవుట, రావలసినవాడు రాకపోవుట, ఈయవలసినది ఈయకపోవుట: ఈ మూడును డిఫాల్టే. ఈ లేమిని గుర్తుంచుకొన్నచో ఆ మాటతో కూడిన జాతీయములు అన్నియు విడివడును. మరచినచో ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు లాగికొనిపోవును.

బై డిఫాల్ట్ అను పలుకుబడిని గమనింపుడు. కబడ్డీ పోటీలో బాపట్ల జట్టు మైదానమునకు రాకపోయినచో తెనాలి జట్టు బై డిఫాల్ట్ గెలిచినదందురు. గెలుపునకు కారణము తెనాలివారి బలము కాదు, బాపట్లవారి గైరుహాజరు. గ్రామ పంచాయతీ ఎన్నికలో ఒక్కడే అభ్యర్థి మిగిలినప్పుడు మన పత్రికలు ఏకగ్రీవము అని వ్రాయును. ఆంగ్లము ఎదుటివాడు లేడని మాత్రమే చెప్పును. మన మాట ఊరందరిది ఒకే కంఠమని చెప్పును. రెండవవాడు ఇష్టపడి తప్పుకొన్నాడో, భయపడి తప్పుకొన్నాడో ఏకగ్రీవము అను మాటలో వినిపింపదు.

ఇన్ డిఫాల్ట్ ఆఫ్ అనగా ఫలానిది లేనిచో, లేక ఫలానిది జరుగనిచో అని అర్థము. జరిమానా చెల్లింపనిచో ఇన్ని దినములు కారాగారము అని తీర్పులలో కనిపించునది ఇదే. గో బై డిఫాల్ట్ అనగా పట్టించుకొనువారు లేక ఒక హక్కో, ఒక వ్యాజ్యమో చేజారిపోవుట. ఇక కంప్యూటర్ల వాడుక అన్నిటికన్న చిన్నది. అది 1960 దశకములో పుట్టినది. యంత్రమునకు మనము ఏ ఆజ్ఞయు ఈయనప్పుడు అది తనకు ముందుగా నేర్పినదే చేయును. అదే డిఫాల్ట్ సెట్టింగు. ఇక్కడ కూడ మూలమున ఉన్నది లేమియే. లేనిది మన ఆజ్ఞ. నేటి విద్యార్థులకు ఈ చివరి అర్థమే మొదట తెలియుచున్నది. అందుచేతనే ఆ పిల్లవాడు అప్పు కాగితములోని గండమును మామూలు సంగతి అనుకొన్నాడు. వానిని చూచి నవ్వుటకు మాకు అర్హత లేదు.

ఇప్పుడు మా ఇంటి కథ.

మా తండ్రిగారు రేపల్లెలో దర్జీ. ఉర్దూ చక్కగా చదువుదురు, తెలుగు కూడబలుకుకొని చదువుదురు, ఆంగ్లము రాదు. మా పొరుగున ఒక కౌలు రైతు ఉండెడివారు. ఆయన 1977లో సార్వా పెట్టుబడికి పొరుగూరి ఆసామి వద్ద మూడు వేల రూపాయలు నోటు వ్రాసి తెచ్చుకొన్నారు. మా తండ్రిగారు ఆ నోటుకు జామీను నిలిచినారు. ఆ నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చివేసిన సంగతి లోకమెరిగినదే. కృష్ణకు ఇవతల ఉన్న రేపల్లె, బాపట్ల తీరములు కూడ ఆ రాత్రి దెబ్బతిన్నవి. కోతకు వచ్చిన చేను నీట మునిగినది. ఆయన మరుసటి సంవత్సరము పండిన పంటలో ఇరువది బస్తాల ధాన్యము బండికెత్తి ఆసామి ఇంటికి తోలినారు. అయితే నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనలేదు. తరువాత చూచుకొందమని ఇరువురును అనుకొన్నారు.

మూడు సంవత్సరముల కాలదోషము పట్టకముందే ఆసామి దావా వేసినాడు. పొరుగువారు మొదటి ప్రతివాది, మా తండ్రిగారు రెండవ ప్రతివాది. ఇరువురికిని ఒకే రోజున సమను వచ్చినది. అచ్చు వేసిన ఆంగ్ల పత్రము, తేదీ ఒక్కటి సిరాతో వ్రాసి ఉన్నది. పొరుగువారు తన కాగితమును కూడ పట్టుకొని మా ఇంటికి వచ్చి, “అబ్బాయి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు కదా సాయిబుగారూ, ఏమని ఉందో చదివి చెప్పమనండి” అన్నారు. మా తండ్రిగారు కుట్టు ఆపి, “చదువు బేటా” అన్నారు.

మేము చదివినాము. ఇన్ డిఫాల్ట్ ఆఫ్ యువర్ అపియరెన్స్ అను మాటల వద్ద ఒక క్షణము ఆగినాము. మా నోటుపుస్తకములో బై డిఫాల్ట్ అనుదానికి సునాయాసముగా, దానంతట అది అని వ్రాసికొని ఉంటిమి. పరీక్షలో దానికి మార్కులు కూడ వచ్చినవి. ఆ బలముతో ఇట్లు చెప్పినాము: “మీరు రాకపోయినా విచారణ దానంతట అది జరుగుతుందని వ్రాసినారు. రావలసిన పని లేదు.”

ఆ పత్రము చేసినది హెచ్చరిక. మీరు హాజరు కానిచో మీరు లేకుండగనే వ్యాజ్యము విని తీర్పు చెప్పబడును అని దాని భావము. మేము దానిని మర్యాదగా ఇచ్చిన సెలవు అనుకొన్నాము. పెద్దలిరువురును ఊపిరి పీల్చుకొన్నారు. వాయిదా రోజున పొరుగువారు నాట్లకు పోయినారు, మా తండ్రిగారు మిషను తొక్కినారు, మేము కళాశాలకు పోయినాము.

నాలుగు నెలలు గడచిన పిమ్మట కోర్టు అమీనా జప్తు వారంటు తెచ్చినాడు. ఆనాడు కోర్టులో నోటు చూపినవారు ఉన్నారు గాని, ఇరువది బస్తాల సంగతి చెప్పువారు లేరు. మొత్తము సొమ్మునకు, వడ్డీకి, ఖర్చులకు కలిపి ఎక్స్ పార్టీ డిక్రీ అయినది. మా తండ్రిగారు ఒక వకీలును కలిసినారు. ఆయన తెలిపినది ఇది: సివిలు ప్రొసీజరు కోడులోని 9వ ఆర్డరు 13వ రూలు ప్రకారము ఇట్టి డిక్రీని రద్దు చేయుమని కోరవచ్చును. కాని దానికి గడువు ముప్పది దినములు. ఆలస్యమును మన్నింపుమని మరియొక పిటిషను వేయవలెను. సమను అందుకొన్నట్లు ఇరువురి సంతకములును ఉన్నవి. కుఱ్ఱవాడు ఆంగ్లమునకు అర్థము తప్పు చెప్పినాడనుట తగిన కారణముగా నిలుచునో నిలువదో చెప్పలేము. మా తండ్రిగారు కొంతసేపు ఆలోచించి, “కోర్టులో మా వాడి పేరు ఎత్తవద్దండి” అని లేచి వచ్చినారు.

అమీనా రెండు కుట్టు మిషనులను ముట్టలేదు. చేతివృత్తులవారి పనిముట్లను జప్తు చేయరాదని అదే కోడులోని 60వ సెక్షను చెప్పుచున్నది. చట్టము విడిచిపెట్టిన ఆ మిషనులలో ఒకదానిని మా తండ్రిగారే వారము తిరుగకముందు అమ్మినారు. మిగిలిన సొమ్మునకు మా అమ్మగారి గాజులు పోయినవి. ఇంటిలో మమ్ము ఎవ్వరును ఒక్క మాట అనలేదు. మేము బి.ఏ.లో ఆంగ్ల సాహిత్యమును ఎన్నుకొనుటకు కారణము అభిరుచి అని ఇంటర్వ్యూలలో చెప్పియుంటిమి. అది నిజము కాదు.

తరువాత ఆ మాట ఎక్కడ కనిపించినను వదలలేదు. మా ఇంటి రెండు భాషలలోను దానికి ఈడైన మాటలను వెదకినాము. వెదకిన కొలదియు, అప్పుల పలుకుబడి మన తెలుగునకు చాల భాగము ఉర్దూ ద్వారమున వచ్చినదని తెలిసినది. బాకీ అనగా మిగిలినది. వసూలు అనగా వచ్చి చేరుట. జామీను, జప్తు, హాజరు, గైరుహాజరు అన్నియు ఆ దారిన వచ్చినవే. అమీనా అను మాటకు మూలమైన అమీన్ అనగా నమ్మదగినవాడు. వాయిదా అను మాట మరియు విచిత్రమైనది. దాని మూలము వాదా, అనగా ఇచ్చిన మాట. ఇచ్చిన మాట కాలక్రమమున చెల్లింపు తేదీ అయినది, తుదకు పనిని వెనుకకు నెట్టుట కూడ వాయిదాయే అయినది.

మేము చిక్కుకొన్న ఎక్స్ పార్టీ డిక్రీని ఉర్దూలో యక్ తర్ఫా డిక్రీ అందురు, అనగా ఒక పక్షపు తీర్పు. దీనికి ఎదురు సంగతి కూడ ఉన్నది. దావా వేసినవాడే రాకపోయినచో అతని దావా కొట్టివేయబడును. ఆంగ్లములో అది డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్, ఉర్దూలో అదమె పైరవీ. పైరవీ అనగా వెంట నడచుట, వ్యాజ్యమును విడువక నడుపుకొనుట. అట్టి గౌరవమైన మాట తెలుగులో నేడు పెద్దల చుట్టు తిరిగి పనులు సాధించుకొనుటకు పేరైనది. తన వ్యాజ్యము వెంట తాను నడువనివాడు ఇతరుల వెంట తిరుగవలసి వచ్చునేమో!

ఇక డిఫాల్టరు అను మాట. దీనిని తెలుగు పత్రికలు ఎగవేతదారు అని వ్రాయును. ఉర్దూలో నాదిహంద్ అందురు, అనగా ఈయనివాడు. ఆంగ్లమును ఉర్దూయు సొమ్ము రాలేదని మాత్రము చెప్పుచున్నవి. ఎగవేత అను మన మాట మోసమును కూడ అంటగట్టుచున్నది. ఈ జాగ్రత్త తెలిసియే రిజర్వు బ్యాంకు ఈయగలిగియు ఈయనివారికి విల్‌ఫుల్ డిఫాల్టర్ అని వేరు పేరు పెట్టినది. కావలెనని చేయు ఎగవేత అని దాని భావము. ఈయలేనివాడు వేరు, ఈయనివాడు వేరు. తెనాలి బజారులో ఒకనిని ఐ.పి. పెట్టినాడని చులకనగా చెప్పుకొందురు. ఆ రెండక్షరములు ఇన్సాల్వెన్సీ పిటిషను అను మాటకు కురుచరూపము. అప్పులు తీర్చలేని మనుష్యునికి 1920 నాటి దివాలా చట్టము చూపిన దారి అది. చట్టము దారి అన్నదానిని బజారు తిట్టుగా మార్చుకొన్నది. ఆ దారిని మోసమునకు వాడుకొన్నవారు ఉండుట వలననే ఆ తిట్టు పుట్టినదను మాట కూడ నిజమే.

మరి తెలిసి తెలిసి ఈయనివారందరును దోషులేనా? బాపట్లకు పొరుగుననున్న పెదనందిపాడు చరిత్ర వేరు జవాబు చెప్పును. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున ఆ ప్రాంతపు రైతులు ప్రభుత్వమునకు శిస్తు చెల్లింపమని నిలిచినారు. మద్రాసు రెవిన్యూ రికవరీ చట్టము 1864 నాటిది. ఆ చట్టపు భాషలో వారు డిఫాల్టరులే. జప్తులు జరిగినవి. చౌరీచౌరా సంఘటన పిమ్మట 1922 ఫిబ్రవరిలో గాంధీజీ శాసనోల్లంఘనమును నిలిపివేయుటతో ఆ ఉద్యమమును ఆగినది. నేడు మనము వారిని ఎగవేతదారులనుట లేదు, దేశభక్తులని పాఠములలో చదువుచున్నాము. డిఫాల్టు అను మాట ఎందుకు ఈయలేదని అడుగదు. ఆ ప్రశ్న మనుష్యులు అడుగవలసినది.

ఈ లేమి అన్నివేళల బలహీనునికే చేటు చేయునని కూడ అనుకొనరాదు. పోలీసువారు నేరమునుబట్టి 60 లేక 90 దినములలో దర్యాప్తు ముగించి అభియోగపత్రము దాఖలు చేయనిచో నిర్బంధములోనున్న మనిషికి బెయిలు పొందు హక్కు కలుగును. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 167వ సెక్షను ఇచ్చిన ఈ హక్కు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వ సెక్షనుగా నిలిచినది. దీనికి డిఫాల్ట్ బెయిలు అని పేరు. ఇక్కడ గడువు తప్పినది ప్రభుత్వము. అయితే ఈ హక్కు కూడ అడిగినవానికే దక్కును. గడువు దాటిన పిమ్మట, అభియోగపత్రము వచ్చుటకు ముందుగా, బెయిలు కోరవలెను. ఊరకున్నచో అదియు చేజారును.

భట్టిప్రోలు నుండి వచ్చిన ఆ తండ్రికొడుకులకు మేము ఇన్ని సంగతులు చెప్పలేదు. ఆ పదునైదు పుటలను మూడు గంటలు కూర్చుండి తెలుగులో చదివి వినిపించినాము. డిఫాల్టు అనగా వాయిదా సొమ్ము తేదీకి చెల్లింపకపోవుట అనియు, చెల్లింపు గడువు దాటి 90 దినములు మించినచో బ్యాంకు ఆ అప్పును మొండి బాకీలలో చేర్చుననియు, అబ్బాయి ఈయనిచో తండ్రిని నేరుగా అడుగుటకు బ్యాంకునకు హక్కు ఉండుననియు చెప్పినాము. 1872 నాటి కాంట్రాక్టు చట్టములో 126వ సెక్షను జామీనును నిర్వచించుచు ఈ డిఫాల్టు అను మాటనే వాడినది. 128వ సెక్షను జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానమన్నది. మా తండ్రిగారికి ఆనాడు ఎవ్వరును ఈ సంగతి చెప్పలేదు.

అన్నియు విని ఆ రైతు, “అయితే కష్టం వస్తే దాక్కోకుండా ముందే పోయి చెప్పుకోవాలన్న మాట” అన్నాడు. మా నోటుపుస్తకమంతటిలోను ఇంత చక్కని అర్థము లేదు. సంతకము పెట్టుటయా మానుటయా వారి ఇష్టము. తెలిసి పెట్టినారు, అది చాలును.

మా పొరుగువారి సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. ఊరిలో కొందరు ఆయనను ఎగవేతదారని అన్నప్పుడెల్ల మా తండ్రిగారు, “అన్న ఎగవేయలేదు, ఆయన దగ్గర లేదు” అని మాత్రము అనెడివారు. ఆయన ఏటేట సంక్రాంతికి ఒక బస్తా బియ్యము తెచ్చి మా వాకిట దింపెడివారు. మా తండ్రిగారు ఒక చిన్న పుస్తకములో ఆయన ఎదుటనే ఉర్దూలో చెల్లు వ్రాసి, చదివి వినిపించి, ఆయన చేత వ్రేలిముద్ర వేయించెడివారు. నోటు వెనుక వ్రాయించుకొనని చెల్లు మా ఇంటికి ఆ అలవాటు నేర్పినది. ఏడు బస్తాలు ముట్టిన పిమ్మట ఆయన కాలము చేసినారు. పుస్తకములో ఎనిమిదవ వరుసలో ఒకే మాట ఉన్నది: మాఫ్.

ఆ పుస్తకము నేడు మా బల్లపై ఉన్నది. విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇండ్లలోని పెద్దలు మీకు ఒక కాగితమిచ్చి చదువుమన్న దినమున, తెలియని మాట వద్ద తెలియదని చెప్పుడు. తెలిసినవారిని అడిగి, మరల చదివి చెప్పుడు. ఆనాడు మా తండ్రిగారితో మేము ఆ ఒక్క మాట అనియుండినచో, వాయిదా రోజున ఇరువురు పెద్దలు రేపల్లె నుండి కోర్టునకు నడచిపోయి తమ ఇరువది బస్తాల సంగతి తామే చెప్పుకొని ఉండెడివారు.